ఏడు వరసల కార్డు

బందరు పరాసుపేటలో వీరదుర్గ ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. లెక్చరరమ్మ గారిల్లు అంటే మాత్రం ఇస్త్రీ బండి ఆయన దగ్గర్నుంచి మున్సిపల్ కుళాయి విప్పే మనిషి దాకా అందరూ చెయ్యెత్తి చూపిస్తారు. నిజానికి ఆవిడ లెక్చరరు కాదు. ఊళ్లో ఒక డిగ్రీ కాలేజీలో, వృక్షశాస్త్రం డిపార్ట్‌మెంట్‌లో, ముప్పై ఏళ్లు అటెండరుగా చేసి రెండేళ్ల కిందట రిటైరైంది. తను లెక్చరర్నని ఆవిడ ఏనాడూ ఎవరితోనూ అనలేదు. ఎవరైనా అన్నప్పుడు కాదని కూడా అనలేదు. ఆ మాట వచ్చిన ప్రతిసారీ ఆవిడకి పొయ్యి మీద పాలు గుర్తొచ్చి లోపలికి వెళ్లిపోయేది. ఆ ఇంట్లో పాలు పొంగిన దాఖలా ఒక్కటీ లేదు.

పుట్టింది గిలకలదిండిలో, చేపల రేవు పక్కన. ఎనిమిదో తరగతితో బడి ఆగింది గాని రాయడం ఆగలేదు. అక్షరాలు దిద్దించింది అన్నయ్య వెంకటపతి. తండ్రి పడవకి రంగులు వేసినప్పుడు ముక్కు మీద పేరు రాసే పని చెల్లెలికి అప్పగించి, తను పక్కన రంగు డబ్బా పట్టుకుని నిలబడేవాడు. వీరదుర్గ రాతలో ఒక చిత్రం ఉంది. అక్షరం తిన్నగానే ఉంటుంది, దాని నెత్తిన పెట్టే తలకట్టు మాత్రం గాలికి లేచిన జెండాలా కుడివైపుకి ఎగిరిపోతుంది. రేవు గాలికి కుంచె అదిరి మొదట్లో అలా పడింది. తర్వాత అదే అలవాటైంది. నాలుగేళ్లు తిరిగేసరికి రేవులో సగం పడవలు ఆ జెండాలతోనే సముద్రం మీదికి వెళ్లేవి.

పెళ్లయ్యాక బందరు వచ్చింది. భర్త కాలేజీలో వాచ్‌మన్. ఆవిడ ముప్పై రెండో ఏట ఆయన జ్వరంతో పోతే ఆ కుటుంబానికి ఇవ్వాల్సిన ఉద్యోగం ఆవిడకి వచ్చింది. వృక్షశాస్త్రం వాళ్ల మ్యూజియంలో రెండు వందల పైచిలుకు గాజు సీసాలు ఉండేవి. వాటి దుమ్ము తుడవడం, తాళం వేయడం, తాళం తీయడం పని. మొదటి ఏడాదే అప్పటి హెడ్డు గారు ఆవిడ సంతకం చూసి, ఇంత ముచ్చటైన రాత చీపురు పట్టుకునే చేతికి దండగ అని, పాత కార్డులన్నీ మళ్లీ రాయమన్నారు. ఆయన మెచ్చుకున్నారో తిట్టారో తేల్చుకోలేక ఆవిడ రెండు రోజులు ఆలోచించి, మెచ్చుకున్నారనే ఖాయం చేసుకుంది.

సీసాకి ఒక కార్డు. పైన కాలేజీ పేరు అచ్చులో ఉంటుంది. కింద ఏడు వరసలు: రాజ్యం, విభాగం, తరగతి, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి. ఇంగ్లీషులో ఒకసారి, తెలుగు మీడియం పిల్లల కోసం తెలుగులో ఒకసారి. రాసి రాసి వీరదుర్గకి ఆ పద్ధతి ఒంటబట్టింది. పైనుంచి కిందికి వస్తుంటే దేశం, జిల్లా, మండలం, ఊరు, వీధి, ఇంటిపేరు, పేరు అన్నట్టే ఉంది. పైగా శాస్త్రం వాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాసి పేరు తర్వాత రాస్తారు. ఈ సంగతి కనిపెట్టిన రోజున ఆవిడకి ఆ లాటిన్ పేర్ల మీద భయం పోయింది. వాళ్లూ మన వాళ్లే అనిపించింది.

అయితే ఈ ఏడు వరసలూ రాతి మీద చెక్కినవేం కావని కూడా ఆవిడకే బాగా తెలుసు. నలభై ఏడో నంబరు సీసా సంగతే చూడండి. అందులో ఎండిన పుట్టగొడుగు ఒకటి ఉంది. కూర వండుకునే మెత్తటి రకం కాదు. చెట్టు మొదట్లో అరలాగ పొడుచుకొచ్చి, చెక్కలా గట్టిపడి, పైన వార్నిష్ కొట్టినట్టు ఎర్రగా నిగనిగలాడే రకం. కిందివైపు తిప్పితే కంటికి ఆననంత సన్నటి రంధ్రాలు వేలల్లో ఉంటాయి. ఒక సారు దాన్ని మొక్కల రాజ్యంలో రాయించారు. తర్వాతి మేడమ్ వచ్చి ఇది మొక్కే కాదు, శిలీంధ్రం, దీని రాజ్యమే వేరు, ఆ మాటకొస్తే చెట్లకన్నా జంతువులకే దగ్గర చుట్టం అని కొట్టేశారు. మూడో సారు క్రమం పేరు మార్చి పాలిపోరేల్స్ అన్నారు. మూడుసార్లూ కార్డు రాసింది వీరదుర్గే. బదిలీల మీద బదిలీలైనా చివరి రెండు వరసలూ మాత్రం కదలలేదు: గానోడెర్మా ల్యూసిడమ్.

ఇక ఈ కథకి మూలమైన తప్పు రిటైరయ్యే ముందు ఏడాది జరిగింది. దివిసీమలో మోపిదేవి దగ్గర కొబ్బరితోట ఉన్న శోభనాద్రి అనే రైతు, దినపత్రికలో చుట్టిన పొట్లం పట్టుకుని మ్యూజియం గుమ్మంలో నిలబడ్డాడు. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు.

"మేడమ్ గారూ, మా కొబ్బరిచెట్ల మొదళ్లలో ఇవి పుడుతున్నాయండీ. ఫోన్లో వీడియో చూశాను. చైనా వాళ్లు దీన్ని రెండు వేల ఏళ్లుగా మందుగా వాడుతున్నారంట. అదో కాదో మీలాంటి వాళ్లు చెప్పాలండీ" అన్నాడు.

లెక్చరర్లందరూ పరీక్ష హాళ్లలో ఉన్నారు. రేపు రండి అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ తెల్లచొక్కా మనిషి, నాలుగెకరాల ఆసామి, తనని మేడమ్ గారూ అని రెండు చేతులూ కట్టుకుని అడుగుతుంటే వీరదుర్గ నాలుక ఆ మాట అనడానికి ఒప్పుకోలేదు. పొట్లం విప్పింది. నలభై ఏడో నంబరు పక్కన పెట్టి చూసింది. అదే ఎరుపు, అదే మెరుపు. ఖాళీ కార్డు ఒకటి తీసి, ఏడు వరసలూ ఎక్కడా తడుముకోకుండా రాసి ఇచ్చింది. శోభనాద్రి దాన్ని కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్లే దారిలో వీరదుర్గ పావుకిలో పూతరేకులు కొనుక్కుంది.

మూడేళ్లు గడిచాయి. మొన్న మాఘమాసంలో ఒక ఆదివారం పొద్దున్నే ఆవిడ గిలకలదిండి వెళ్లింది. అన్నయ్య వెంకటపతికి ఇప్పుడు డెబ్భై. ముప్పై ఏళ్లు మరబోటు నడిపి, మోకాళ్లు మొరాయించాక ఒడ్డున కూర్చుని వలలు బాగుచేస్తున్నాడు. రేవంతటికీ ఆయన ఒక విషయంలో పేరుమోశాడు: దేని పుట్టుపూర్వోత్తరాలు అడగకుండా దాన్ని ఇంట్లోకి రానివ్వడు. చేప కొంటే ఏ బోటుది, ఎన్ని గంటలకి పట్టారు, ఐసు ఎక్కడిదని అడుగుతాడు. పెళ్లి సంబంధం వస్తే అబ్బాయి ముత్తాత ఏం చేసేవాడో తేలేదాకా కాఫీ ఇవ్వనివ్వడు. అలా చల్లారిపోయిన కాఫీలకి లెక్కే లేదు.

వీరదుర్గ గుమ్మంలో అడుగు పెట్టగానే వదిన సత్యవతమ్మ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది.

"దుర్గమ్మా, మీ అన్నయ్య దసరా నుంచి బీపీ బిళ్లలు మానేశాడు. మొన్న వల కుడుతూ కుడుతూ పక్కకి ఒరిగిపోయాడు. కళ్లు మసకలంట. ఆశా వర్కరొచ్చి చూస్తే పైది నూటతొంభై ఉంది. నేను చెప్తే వినడు. నీ మాటైతే వింటాడు."

"బిళ్లలు మానేసి ఏం చేస్తున్నాడు?"

సత్యవతమ్మ అల్మరాలోంచి గోధుమరంగు పొడి ఉన్న ప్లాస్టిక్ సీసా తీసి చేతిలో పెట్టింది. వీరదుర్గ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి తిప్పి చూసింది. సీసా మీద అంటించిన కాగితం జిరాక్సు. పైన కాలేజీ పేరు. కింద ఏడు వరసలు. ప్రతి తలకట్టూ జెండాలా కుడివైపుకి ఎగురుతోంది.

వాళ్ల నాన్న అరవయ్యో ఏట పక్షవాతంతో పడిపోయి, ఏడాది పాటు కుడిచెయ్యి కదలక మంచంలో ఉన్నాడు. ఆయనకీ బీపీయే. ఆ ఏడాదంతా నాన్నకి అన్నం తినిపించింది వీరదుర్గ. ఇప్పుడు అన్నయ్యని ఆ మంచం మీద చూడాల్సి వస్తే, అక్కడికి చేర్చింది తన రాతే. ఆవిడ సీసా పట్టుకుని బయటికి నడిచింది.

వాకిట్లో వెంకటపతి వల ముందు కూర్చుని ఉన్నాడు. చీలమండలు ఉబ్బి ఉన్నాయి.

"అన్నయ్యా, ఈ పొడేంటి? బిళ్లలెందుకు మానేశావు?"

"ఆ బిళ్ల అట్ట మీద ఏముందే? పేరు, ధర, చచ్చే తేదీ. ఎక్కడ పుట్టిందో, ఎవరి తాలూకో ఒక్క ముక్కుందా?" వెంకటపతి వల మీంచి తలెత్తలేదు. "దీన్ని చూడు. రాజ్యం దగ్గర్నుంచి చెప్పుకొచ్చింది. కుటుంబం రాసుంది, ఇంటిపేరు రాసుంది. ఏడు తరాలు చెప్పగలిగిన మందు ఇంకోటి చూపించు, మానేస్తాను. పైగా మీ కాలేజీదే."

అవి తరాలు కావన్నయ్యా అని చెప్పబోయి వీరదుర్గ ఆగింది. మరెవరు రాశారని అడిగితే ఏం చెప్పాలి. సరిగ్గా అప్పుడే ఆవిడకి పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. అది తన ఇల్లు కాదు, పొయ్యి తనది కాదు. అయినా లోపలికి వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున్నే కాలేజీకి వెళ్లింది. ఇప్పుడు మ్యూజియం చూసేది బిందు అనే కొత్త లెక్చరరు. శిలీంధ్రాల మీదే పరిశోధన చేసి వచ్చిన పిల్ల. వీరదుర్గ నలభై ఏడో నంబరు కోసం వెతికింది. సీసా ఉంది, కార్డు లేదు. దాని బదులు పెన్సిలుతో గానోడెర్మా అని రాసి, పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి ఉంది.

"కార్డేదండీ మేడమ్ గారూ?"

"తీసేశానమ్మా. పేరు తప్పు" అంది బిందు తేలిగ్గా.

ముప్పై ఏళ్లు ఏ సారూ ముట్టుకోని రెండు వరసలు. వీరదుర్గ స్టూలు మీద కూర్చుంది. బిందు చెప్పడం మొదలుపెట్టింది. ల్యూసిడమ్ అనే పేరు రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో దొరికిన పుట్టగొడుగుకి పెట్టారు. ఆ తర్వాత ప్రపంచంలో ఎవరికి ఎక్కడ ఎర్రగా మెరిసేది కనబడినా అదే పేరు తగిలించారు. ఈమధ్య డీఎన్ఏ తీసి చూస్తే, చైనా వాళ్లు మందుగా వాడేది ఆ ఇంగ్లండుది కాదని తేలింది. దానికి వేరే పేరు పెట్టారు. మన కొబ్బరిచెట్ల మీద పుట్టేది ఏదో మళ్లీ వేరే చూడాలి.

"అంటే ఇంటిపేరు ఖాయం, మనిషెవరో తెలీదంటారు."

బిందు నవ్వింది. "అంతేనమ్మా. పాఠం చెప్పేటప్పుడు ఈ మాట వాడుకుంటాను."

"మరి బీపీకి పనిచేస్తుందా?"

"ఆ చైనాదాని మీద పరిశోధనలు జరుగుతున్నాయి. బిళ్లలు మానేసి ఇది వేసుకోమని మాత్రం ఎవరూ అనలేదు. ఇక కొబ్బరిచెట్టు మీదదంటారా, అది చెట్టుకి తెగులు. వేళ్లలోంచి లోపలికి దూరి నాలుగైదేళ్లు చడీచప్పుడు లేకుండా తింటుంది. మొదట్లో పుట్టగొడుగు కనబడిందంటే లోపల అంతా అయిపోయినట్టే. అక్కణ్ణుంచి పక్కచెట్టుకి పాకుతుంది. ఎవరు వాడుతున్నారమ్మా?"

"తెలిసినవాళ్లు" అని వీరదుర్గ లేచింది. చెప్పొద్దూ, ఆ రోజు కూడా చెప్పలేకపోయింది.

మర్నాడు చల్లపల్లి మీదుగా వెళ్లే బస్సెక్కి మోపిదేవిలో దిగి, ఆటోలో శోభనాద్రి తోటకి చేరింది. ఆయన పొడి కొట్టి అమ్ముతున్న సీసాల మీద కాగితాలు పీకించేస్తే సగం పీడ వదులుతుందని ఆవిడ లెక్క. శోభనాద్రి ఎదురొచ్చి గేటు తీశాడు.

"మేడమ్ గారూ, మీరు మా తోటకి రావడం మా అదృష్టమండీ" అని, పనివాళ్లందరికీ వినబడేలా చెప్పాడు. "ఈవిడేనర్రా మన మందుకి పేరు రాసిన పెద్దావిడ."

తోట చూస్తే వీరదుర్గకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పదిహేను చెట్లకి మట్టలు గోధుమరంగు తిరిగి వేలాడుతున్నాయి. మొదళ్ల నుంచి ఎర్రటి బంక కారుతోంది. వాటి చుట్టూ శోభనాద్రి పచ్చటి పరదా కట్టి, పుట్టగొడుగులు ఎండిపోకుండా పూటపూటా నీళ్లు చల్లిస్తున్నాడు. ఆరోగ్యంగా ఉన్న చెట్లని పట్టించుకున్నవాడు లేడు. చచ్చిపోయే చెట్లకి మాత్రం మహరాజభోగం జరుగుతోంది.

భోజనం పెట్టారు. బొమ్మిడాయిల పులుసు. శోభనాద్రి చెయ్యి కడుక్కుని రాగానే భార్య ఇందిరాదేవి ఒక చిన్న డబ్బా, గ్లాసుతో నీళ్లు తెచ్చింది. ఆయన డబ్బాలోంచి తెల్లబిళ్ల ఒకటి తీసి గుటుక్కున మింగాడు.

"అదేంటండీ?" అంది వీరదుర్గ.

"బీపీదండీ. పదేళ్ల నుంచీ వాడుతున్నాను."

"మరి మీ పొడి?"

"అది కూడా వేసుకుంటానండీ. దాని దారి దానిదే, దీని దారి దీనిదే." ఆయన ముఖంలో దొంగతనం ఎక్కడా లేదు. ఇలాంటి ప్రశ్న ఎందుకు వచ్చిందో కూడా ఆయనకి అర్థం కాలేదు.

కాగితాలు తీసేయండి, నేను అటెండర్ని, పేరు తప్పు రాశాను అనడానికి వీరదుర్గ మూడుసార్లు నోరు తెరిచింది. మొదటిసారి ఇందిరాదేవి గడ్డపెరుగు వడ్డించింది. రెండోసారి శోభనాద్రి తాంబూలం తెచ్చాడు. మూడోసారి ఆయన తన పక్కన నిలబడి ఫోటో తీయించుకుంటున్నాడు. బస్సెక్కాక ఆవిడ ఒళ్లో రెండు కొబ్బరిబొండాలు, ఒక సీసా పొడి ఉన్నాయి. తనమీద తనకే ఒళ్లు మండి, కిటికీలోంచి సీసా విసిరేద్దామనుకుంది. రోడ్డు పక్క మేకల మందని చూసి మానేసింది. వాటికైనా బీపీ ఉండదని ఎవరు చెప్పొచ్చారు.

అయితే ఆ మేకల దగ్గరే ఆవిడకో ఉపాయం తట్టింది.

బుధవారం పొద్దున్న కొత్తచీర కట్టుకుని, చేతిలో పళ్ల సంచితో గిలకలదిండిలో దిగింది. వెంకటపతి మనవరాలు శ్రీదుర్గకి ఇరవై నాలుగు. గుడివాడలో ఉద్యోగం చేస్తోంది. రెండేళ్లుగా సంబంధాలు చూస్తున్నారు, ఒక్కటీ తాతగారి ఆరా దాటి బయటపడలేదు.

"అన్నయ్యా, మన శ్రీదుర్గకి సంబంధం తెచ్చాను" అంది కూర్చుంటూనే.

వెంకటపతి వల పక్కన పెట్టాడు. కళ్లలో వెలుగొచ్చింది. సత్యవతమ్మ కాఫీకి లేవబోతే చేత్తో ఆపాడు.

"ఏ ఊరు?"

"దివిసీమ. మోపిదేవి దగ్గర."

"మనిషెలా ఉంటాడు?"

"ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంటాడు. రాయంత గట్టి. ఒక్కరోజు జ్వరమన్నది ఎరగడు."

"ఏం చేస్తాడు?"

"ఏమీ చేయడు. ఇల్లరికం వస్తాడు."

వెంకటపతి కనుబొమ్మలు ముడిపడ్డాయి. "ఇప్పుడెక్కడుంటున్నాడు?"

"ఒకళ్లింట్లోనే ఉంటున్నాడు. అయిదేళ్లయింది. మాట పలుకూ ఉండదు. లోపల ఓ మూల ఉంటాడు, వాళ్లది తింటాడు."

"వాళ్లెలా ఉన్నారు మరి?"

"వాళ్లు చితికిపోయారు. పైకి బాగానే కనబడతారు, లోపలంతా గుల్ల. మొదట్లో వాళ్లకీ తెలీలేదంట. ఆయన వాకిట్లోకొచ్చి దర్జాగా నిలబడ్డ రోజున తెలిసింది. అప్పటికి ఏమీ మిగల్లేదు. ఇప్పుడు పక్కింటివైపు కూడా చూస్తున్నాడు."

"ఆ ఊళ్లోవాళ్లు ఏం చేస్తున్నారే, తరమకుండా?"

"తరమడమా. ఎండ తగలకుండా పరదా కట్టి, రెండుపూటలా నీళ్లు పోస్తున్నారు. గొప్ప వంశమంట. ఏడు తరాలు చెప్తున్నారు."

"ఏడు తరాలు చెప్తే సరిపోద్దా?" వెంకటపతి గొంతు లేచింది. "ఉన్న ఇంటిని తిన్నవాడు మనింటిని తినడా? ముప్పై ఏళ్లు కాలేజీలో ఉండి నువ్వు తెచ్చే సంబంధం ఇదటే? ఆ మనిషిని మా గడప తొక్కనివ్వను."

"తొక్కేశాడన్నయ్యా. దసరా నుంచి నీ అల్మరాలోనే ఉన్నాడు. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్లలో కలుపుకుని తాగుతున్నావు."

సత్యవతమ్మకి ముందు అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గాని నవ్వు ఆగలేదు. వెంకటపతికి అర్థమవడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక ముఖం గంటు పెట్టుకుని మళ్లీ వల అందుకున్నాడు.

"మాటలు నేర్చావులే" అన్నాడు. "నేను మానను."

వీరదుర్గ పళ్ల సంచి పక్కకి జరిపింది. ఈ ఉపాయం తప్పక పారుతుందని బస్సులో ఎన్నిసార్లు అనుకుందో.

"ఆ పొడి అమ్మే శోభనాద్రి గారే రోజూ బీపీ బిళ్ల వేసుకుంటున్నారన్నయ్యా. నా కళ్లారా చూశాను."

"వేసుకోనీ. ఆయన ముఖం చూసి నేను తాగట్లేదు."

"మరి ఎవరి ముఖం చూసి?"

వెంకటపతి వలలో ఇంకో ముడి వేశాడు. ఇక తప్పదు. వీరదుర్గ అల్మరాలోంచి సీసా తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఈసారి పాలు గుర్తు రాలేదు.

"అన్నయ్యా, ఈ కాగితం కాలేజీ ఇచ్చింది కాదు. నేను రాశాను. ఆయన మేడమ్ గారూ అన్నాడని పొంగిపోయి, సీసా మీద కార్డు చూసి ఎక్కించాను. ఆ సీసా మీదదే తప్పంట. ఇదేదో ఇంకా ఎవరికీ తెలీదంట. నేను లెక్చరర్ని కాదు. అక్కడ సీసాలు తుడిచేదాన్ని. అటెండర్ని."

 తలెత్తి చూసే ధైర్యం లేక వలలో ఒక కన్ను వంక చూస్తూ కూర్చుంది.

"తెలుసే" అన్నాడు వెంకటపతి.

"ఏంటి తెలుసు?"

"అన్నీ. నీకు ఉద్యోగమొచ్చిన కొత్తల్లో రొయ్యలు పట్టుకుని కాలేజీకొచ్చాను. నువ్వు బల్లెక్కి సీసాలు తుడుస్తున్నావు. నన్ను చూస్తే చిన్నబోతావని గేటు దగ్గరే వాచ్‌మన్‌కి ఇచ్చి వచ్చేశాను. రేవులో మా చెల్లెలు లెక్చరరని చెప్పింది నేనే. పరాసుపేట దాకా పాకుతుందని నేననుకోలేదు."

వీరదుర్గకి ఆ రొయ్యలు గుర్తున్నాయి. ఎవరు పంపారో తెలియక, హెడ్డు గారికి వచ్చినవేమోనని ఆయనింటికి ఇచ్చేసింది.

"ఇక ఇది ఎవరు రాశారో నాకు తెలీకపోవడమేంటి?" వెంకటపతి బరువైన వేలితో సీసా మీద అక్షరాలు తడిమాడు. "ఈ తలకట్టు ఎక్కడున్నా పట్టుకుంటాను. రంగు డబ్బా పట్టుకుంది నేను కాదూ? ఆయన రేవులోకి ఈ సీసాలు తెస్తే ఎవరూ కొనలేదు. నేను చూశాను. నా చెల్లెలు రాసింది. అంతే, తీసుకున్నాను. ఏడు తరాలో ఎనిమిది తరాలో, నాకేం తెలుసే."

వీరదుర్గకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఆవిడ ముప్పై ఏళ్లు దాచిన ఒక్క విషయాన్నీ ఆయన ముప్పై ఏళ్లుగా దాచాడు. ఆవిడ రాసిన తప్పుడు పేరుని మాత్రం మందుగా మింగుతున్నాడు.

"మరి ఇప్పుడు తప్పంటున్నాను కదా. మానేస్తావా?"

"నువ్వు రాసిస్తే తాగాను. నువ్వొద్దంటే మానేస్తాను. దీనికి ఇంత పెళ్లి సంబంధం నాటకం దేనికి? ముందే చెప్పాల్సింది." ఆయన సత్యవతమ్మ వైపు తిరిగాడు. "కాఫీ ఇవ్వవే. అల్లుడు రాడు గాని, వచ్చిన చుట్టానికి కాఫీ లేదా?"

ఆ పొద్దున్నే ముగ్గురూ ఆటోలో సర్కారు ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరు పట్టీ బిగించి, అంకె చూసి, ఇన్నాళ్లు ఎలా నిలబడ్డారని గట్టిగా కోప్పడి, మందులు మళ్లీ రాశాడు. వరండా బెంచీ మీద కూర్చుని వీరదుర్గ ముందు బిందుకి ఫోన్ చేసి తోట సంగతి చెప్పి, తర్వాత శోభనాద్రికి చేసింది. ఒకసారి చెప్పేసిన మాట రెండోసారి తేలిగ్గా వచ్చింది. తను అటెండర్నని, పేరు తప్పని, చెట్లకి అది తెగులని, ఆ కాగితాలన్నీ పీకేయాలని, బిళ్లలు మానొద్దని కొన్నవాళ్లందరికీ కబురు చేయాలని గుక్కతిప్పుకోకుండా చెప్పింది. 

"అయితే అసలు పేరేంటండీ మేడమ్ గారూ?" అన్నాడు శోభనాద్రి.

"ఇంకా తేలలేదండీ. మా బిందు మేడమ్ వచ్చి ముక్క తీసుకెళ్లి చూస్తానన్నారు. జబ్బుచెట్ల చుట్టూ కందకం ఎలా తవ్వాలో కూడా చెప్తారు."

"ఇప్పటిదాకా ఎవరికీ తెలీని రకం మా తోటలో ఉందంటారా?" శోభనాద్రి గొంతులో మళ్లీ ఊపిరొచ్చింది. "మ్యూజియంలో పెడితే, దొరికిన చోటు అని రాస్తారు కదండీ. అక్కడ నా పేరు పడుతుందా?"

పడుతుందని వీరదుర్గ మాటిచ్చింది. సాయంత్రానికల్లా కాగితాలు పీకించేసి, సీసాలు గోతిలో పూడ్పిస్తున్న ఫోటో పంపాడు. అందులో కూడా ఆయన తెల్లచొక్కాలో ముందు నిలబడి ఉన్నాడు.

అన్నయ్య ఇంటికొచ్చాక వీరదుర్గ చేతిసంచిలోంచి ఖాళీ కార్డు ఒకటి తీసింది. రిటైరైన రోజున ఓ కట్ట ఇంటికి తెచ్చుకుంది. దాన్ని దొంగతనం అనకండి, ముప్పై ఏళ్ల చనువు. పైన అచ్చులో ఉన్న కాలేజీ పేరుని కత్తెరతో కత్తిరించేసి, మిగిలిన దాని మీద నెమ్మదిగా రాసి, బిళ్లల డబ్బాకి అంటించి, అన్నయ్య ముందు పెట్టింది. వెంకటపతి కళ్లజోడు తుడుచుకుని పైకే చదివాడు.

"రాజ్యం: సర్కారు ఆసుపత్రి. విభాగం: బీపీ. తరగతి: టిఫిన్ తర్వాత. క్రమం: రోజూ, ఆదివారం కూడా. కుటుంబం: సత్యవతమ్మ చూస్తుండగా. ప్రజాతి: ఆమ్లోడిపిన్. జాతి: అయిదు మిల్లీగ్రాములు."

కింద ఎనిమిదో వరస ఒకటి ఉంది. రాసింది: వీరదుర్గ, అటెండరు.

ఆయన ఆ వరస దగ్గర ఆగి, డబ్బాని వెలుతురులోకి తిప్పి చూశాడు.

"తలకట్లు వణికాయే" అన్నాడు.

"గాలి" అంది వీరదుర్గ.

కరెంటు పోయి గంటైంది. తలుపులు మూసి ఉన్నాయి, ఫ్యాను తిరగడం లేదు. వెంకటపతి పైకి ఒకసారి చూసి, బిళ్ల నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు.